విజిల్ తీసిన కుక్కర్

మా మనవడికి చీకటంటే భయం లేదు. బల్లిని చూస్తే నవ్వుతాడు. మొన్న వీధికుక్క మొరిగితే వీడూ తిరిగి మొరిగాడు. వాడి భయమల్లా ఒక్కటే, కుక్కర్ కూత. వంటింట్లో అది బుసకొట్టడం మొదలెట్టగానే బొమ్మల్ని ఎక్కడివక్కడ వదిలేసి బాల్కనీలోకి పరుగెడతాడు. బట్టలారేసే స్టాండు వెనక రెండు చెవులూ మూసుకుని, కళ్ళు కూడా గట్టిగా మూసుకుని కూర్చుంటాడు. కళ్ళెందుకురా అంటే సమాధానం ఉండదు. కూత ఏ దారిన లోపలికొస్తుందో ఐదేళ్ళవాడికేం తెలుసు? ఉన్న తలుపులన్నీ వేసేసుకుంటాడు.

వేసవి సెలవులకు పిల్లలు హైదరాబాదు నుంచి మా బెజవాడ వచ్చినన్నాళ్ళూ మా ఇంట్లో పప్పు తెల్లవారుజామునే ఉడికిపోయేది. వాడు లేవకముందే మా ఆవిడ మూడు కూతలూ కూయించేసి, కుక్కర్ని కడిగి బోర్లించి, ఏమీ ఎరగనట్టు కాఫీ కలుపుకునేది. మధ్యాహ్నం అన్నం గిన్నెలో ఎసరు పెట్టి గంజి వార్చడమే. "మా అత్తగారి కాలం మళ్ళీ వచ్చింది" అని సణుగుతూనే ఆ గంజిలో ఇంత ఉప్పేసుకుని ఇష్టంగా తాగేది.

ఇందులో నవ్వుకోవాల్సిన సంగతి ఒకటుంది. నేను ముప్పై నాలుగేళ్ళు గూడ్సు గార్డుగా పనిచేశాను. (ఇప్పుడా ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు, 2022 జనవరిలో పేరు మార్చారు. అప్పటికే రిటైరయ్యాను కాబట్టి నేను గార్డుగానే మిగిలిపోయాను.) ఇంజను రెండు పొట్టి కూతలు వేస్తే గార్డు సిగ్నలు కోసం అడుగుతున్నట్టు. ఆ కూత కోసం చెవులు రిక్కించుకుని బతికినవాణ్ణి. నా మనవడేమో కుక్కర్ కూతకు స్టాండు వెనక దాక్కుంటున్నాడు.

వాడికి ధైర్యం చెప్పనివాళ్ళు లేరు. "మగపిల్లాడివి, భయమేంట్రా" అని వాళ్ళ నాన్న ఫోనులో. "ఏం చెయ్యదు నాన్నా, ఉత్త ఆవిరి" అని మా అమ్మాయి. పక్క ఫ్లాటు పెద్దావిడ ఆంజనేయ దండకం నేర్పమంది. నేనూ నా వంతుగా ఒకరోజు ఒళ్ళో కూర్చోబెట్టుకుని శాస్త్రం చెప్పాను. మూత బిగిస్తే ఆవిరి బయటికి పోలేదు, అందుకని లోపలి నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర ఆగకుండా 120 దాకా వేడెక్కుతాయి, ఒత్తిడి హద్దు దాటగానే పైనున్న బరువు లేచి కాస్త ఆవిరి వదిలేస్తుంది, ఆ చప్పుడే కూత, అది మన మంచికే, అని. చాలా శ్రద్ధగా విన్నాడు. అంతా విని, "ఐతే ఆ బరువు లేవకపోతే పేలుతుందా తాతయ్యా?" అన్నాడు. అప్పటిదాకా వాడికున్నది చప్పుడంటే భయం. దానికి కారణం కూడా నేనే అందించినట్టయింది.

ఆ సెలవుల్లోనే ఒకరోజు ఇంట్లో కుకీలు చేశాం. ఆ ఆలోచన మాత్రం వీడిది కాదు, వీడి అక్కది. దానికి పదేళ్ళు. ఇంట్లో గలగలా మాట్లాడుతుంది, గడప దాటితే బెల్లం కొట్టిన రాయి. వస్తూ వస్తూ వాళ్ళు రెండు పెట్టెల ఉస్మానియా బిస్కెట్లు తెచ్చారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు పెట్టుకున్న ఆ ఉప్పు తీపి బిస్కెట్టంటే నాకు ప్రాణం. షుగరొచ్చాక ఆ ప్రాణాన్ని రోజుకొకటి చొప్పున లెక్కపెట్టి ఇస్తోంది మా ఆవిడ. "ఇవి ఇన్ని ఉండగా మళ్ళీ చెయ్యడమెందుకే?" అంది మనవరాలితో.

"అవి బిస్కెట్లు అమ్మమ్మా. నేను చేసేవి కుకీస్."

రిటైరైనవాడికి పనేముంది, నిఘంటువు తీసి చూశాను. బిస్కెట్టనేది లాటిను నుంచి వచ్చిన మాట, రెండుసార్లు కాల్చినదని అర్థం. కుకీ డచ్చివాళ్ళ మాట, చిన్న కేకు అని. నేను ఇంత కష్టపడి తెలుసుకొచ్చి చెబితే ఎవరూ వినిపించుకోలేదు. అప్పటికే మైదా జల్లెడ నా చేతిలో పెట్టేశారు.

పనులు పంచింది మనవరాలే. జల్లించడం నాది. చాక్లెట్ పలకని గుడ్డలో చుట్టి అప్పడాలకర్రతో బాదడం తమ్ముడిది. కలపడం తనది. సగం మైదా తీసేసి సగం గోధుమపిండి వెయ్యాలన్న షరతు మీద అమ్మమ్మ పర్యవేక్షణ. అమెరికా వాళ్ళెవరో రాసిన పద్ధతి ఒకటి నోటుబుక్కులో ఎక్కించుకుంది పిల్ల. అందులో మొదటి మాటే "వెన్న గది ఉష్ణోగ్రతకు రావాలి" అని. ఆ రాసినవాళ్ళ గది ఇరవై డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. మే నెలలో బెజవాడ గది సంగతి వాళ్ళకేం తెలుసు? బయట నలభై నాలుగు. లోపల ఫ్యాను ఈ మూల వేడిని తీసుకెళ్ళి ఆ మూల పడేస్తోంది. మా వెన్న గది ఉష్ణోగ్రతకు వచ్చేసరికి నెయ్యి కావడానికి నాలుగడుగుల దూరంలో ఉంది.

ఐనా కలిపింది. ఉండలు చేతికి అంటుకుపోతుంటే పిండి అద్దుకుంటూ పన్నెండు చేసి ట్రేలో బారులు తీర్చింది. మా అమ్మాయి ఎప్పుడో కొనిచ్చి, మేం అప్పడాల డబ్బాలు దాచుకునే చిన్న ఓవెను ఒకటుంది. దాన్ని ఖాళీ చేయించి, 180 డిగ్రీలకు తిప్పి, ట్రే లోపలికి తోశాం. నలుగురం అద్దం ముందు టీవీ చూస్తున్నట్టు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాం. నాలుగు నిమిషాలకు ఉండలు భుజాలు దించాయి. ఆరో నిమిషానికి ఒకదాని పక్కకొకటి జరిగాయి. తొమ్మిదో నిమిషానికి ఏది ఎవరిదో తెలియలేదు. పన్నెండు పెడితే ఒక్కటి వచ్చింది, ట్రే అంత పెద్ద అట్టు.

మనవరాలి కళ్ళనిండా నీళ్ళు. తమ్ముడు మాత్రం "అన్నీ కలిసిపోయాయి!" అని కేరింతలు కొట్టి, చెయ్యి కాలుతున్నా ఒక అంచు విరిచి నోట్లో వేసుకున్నాడు. చెయ్యి కాలినా అరవనివాడికి కూతంటే ఆ భయం. మనుషుల భయాలకు తర్కం వెతకడం దండగ.

"చాక్లెట్ చిప్ కుకీ కూడా పొరపాటునే పుట్టిందట" అంది పిల్ల ముక్కు తుడుచుకుంటూ. ఆ కథ నేనూ విన్నాను. చాక్లెట్ కరిగి పిండంతా కలిసిపోతుందనుకుంటే ముక్కలు ముక్కలుగానే ఉండిపోయాయని, అలా కొత్త వంటకం పుట్టిందని. నిజం అది కాదు. కనిపెట్టినావిడ పేరు రూత్ వేక్‌ఫీల్డ్. 1924లో గృహవిజ్ఞానంలో పట్టా పుచ్చుకుని, మసాచుసెట్స్‌లోని విట్‌మన్ అనే ఊళ్ళో భర్తతో కలిసి టోల్ హౌస్ ఇన్ పేరుతో హోటలు నడిపింది. తన భోజనాల బల్ల మీదికి కొత్తది ఒకటి కావాలని పనిగట్టుకుని చేసింది. 1938లో తన వంటల పుస్తకంలో ఆ పద్ధతి అచ్చువేసింది కూడా. ఇదంతా చెబితే మా ఆవిడ స్టవ్వు తుడుస్తూ, "మగాడు కనిపెడితే ప్రయోగం, ఆడది కనిపెడితే పొరపాటు. ఎక్కడైనా అంతేగా" అంది. ఆ పూట ఇంట్లో ఆ మాటకు ఎదురు చెప్పే స్థితిలో నేను లేను.

"ఏడుపెందుకే. మిగిలిన పిండి ఫ్రిజ్‌లో పెట్టు అరగంట. గట్టిపడితే జారదు" అని, ఆ అరగంటలో తన సంగతి చెప్పింది మా ఆవిడ. అరిసెలకు పాకం చూసే పని వాళ్ళింట్లో ఈవిడదేనట, ఏడేళ్ళప్పటి నుంచీ. పళ్ళెంలో నీళ్ళు పోసి, మరుగుతున్న బెల్లం పాకం ఒక చుక్క అందులో వేసి, వేలితో దగ్గరికి లాగాలి. ఉండ కడితే వచ్చినట్టు. ఈవిడ "వచ్చింది" అంటేనే వాళ్ళమ్మ పొయ్యి మీద నుంచి దించేది. ఒకరు తడిపిండి పోస్తుంటే ఒకరు తెడ్డుతో గిలకొట్టాలి, ఒంటి మనిషి వల్ల అయ్యే పని కాదు. దించేది పెద్దవాళ్ళు, కలిపేది పెద్దవాళ్ళు, తీర్పు మాత్రం ఏడేళ్ళ పిల్లది.

"ఒక ఏడు తప్పు చెప్పా. పాకం ముదిరిపోయింది. సంక్రాంతికి మా నాన్న అరిసెని తలుపు సందులో పెట్టి విరుచుకుని తిన్నారు."

"తిట్టారా అమ్మమ్మా?"

"తిట్టకేం. తిట్టారు. మళ్ళీ ఏడు కూడా పాకం నన్నే చూడమంది మా అమ్మ."

ఆ చివరి మాట ఎంత మామూలుగా అందో చెప్పలేను, మిరియాల డబ్బా మూత బిగిస్తూ. మేమందరం కలిసి ఆ పిల్లాడికి రెండు వారాలు చెప్పిన ధైర్యం ఒక ఎత్తు, వాళ్ళమ్మ ఏమీ చెప్పకుండా ఆ పళ్ళెం మళ్ళీ ఈవిడ ముందుకు జరపడం ఒక ఎత్తు. భయపడకు అనడం సులువు, నోటితో అయిపోయే పని. తప్పు చేసినవాళ్ళ చేతికే మళ్ళీ పని ఇవ్వాలంటే ఇచ్చేవాళ్ళకు గుండె కావాలి, పైగా ఆ ఏడు అరిసెలు తినేది వాళ్ళే.

రెండో విడత ట్రేలో సర్దాం. ఓవెను వేడెక్కుతోంది. టప్పుమని కరెంటు పోయింది. ఫ్యాను నీరసంగా నాలుగు చుట్లు తిరిగి ఆగింది. సాయంత్రం దాకా రాదని కింద వాచ్‌మన్ కబురు.

"మా రోజుల్లో ఓవెన్లు ఎక్కడున్నాయి" అంటూ మా ఆవిడ స్టూలెక్కి అటక మీద నుంచి పాత అల్యూమినియం కుక్కరు దించింది. అది కంటబడగానే మనవడు లేచాడు. బాల్కనీ తలుపు దాకా పోయాడు కూడా.

"ఆగరా. ఇది అరవదు. ఇటు రా, ఇది పట్టుకో."

మూత మీది బరువు పీకి చెయ్యి చాపింది. వాడు కదల్లేదు. ఈవిడా చెయ్యి దించలేదు, రమ్మనీ బతిమాలలేదు. రెండో చేత్తో గ్యాస్కెట్టు లాగి మేకుకు తగిలించింది, అడుగున రెండు గ్లాసుల ఉప్పు పరిచింది, దాని మీద స్టాండు పెట్టింది. చాచిన చెయ్యి అలాగే ఉంది. చివరికి వాడే గోడ పట్టుకుని వచ్చి, నిప్పుముక్కను తీసుకున్నట్టు రెండు వేళ్ళతో అందుకున్నాడు.

"చల్లగా ఉంది" అన్నాడు.

బొటనవేలంత లేదు. అరచేతిలో వేసుకుని బోర్లించి చూశాడు, వాసన చూశాడు, కన్నంలోంచి నన్ను చూడబోయాడు, ఊదాడు. ఏమీ రాలేదు. మళ్ళీ ఊదాడు.

"ఇది లేకపోతే కుక్కర్ అరవలేదా?"

"ఎలా అరుస్తుంది? నీ దగ్గరుందిగా."

గుప్పిట బిగించాడు. కుక్కరు పది నిమిషాలు ఖాళీగా వేడెక్కింది. పళ్ళెంలో ఆరు కుకీలు సర్ది, పట్టకారుతో లోపలికి దించి మూత పెట్టింది ఈవిడ. సన్న సెగ మీద ఇరవై నిమిషాలు. వంటింట్లో చల్లటి గచ్చు మీద అందరం చతికిలబడ్డాం. వాడు కుక్కరుకు ఒక బారెడు దూరంలో, అక్క వీపు వెనక, తల మాత్రం బయటపెట్టి కూర్చున్నాడు. కరెంటు లేని ఇంట్లో చెయ్యడానికి ఏముంటుంది? "నీకెప్పుడైనా భయం వేసిందా తాతయ్యా?" అని అడిగాడు.

వేసింది. నంద్యాలలో పనిచేసే రోజుల మాట, ఇరవై ఏళ్ళు దాటింది. గాజులపల్లె దాటాక లైను నల్లమలలోకి ఎక్కుతుంది. అడవికి అడవి, పైగా పులుల అభయారణ్యం పక్కనే. గూడ్సు బండికి చివర బ్రేక్ వ్యాను, అందులో గార్డు ఒక్కడే. మనిషి అలికిడి కావాలంటే ఆరేడు వందల మీటర్ల అవతల ఇంజన్లో ఉన్న ఇద్దరే. ఆ రాత్రి దిగువమెట్ట ఇంకా రాకముందే బండి ఆగిపోయింది. మధ్యలో ఎక్కడో బ్రేకు పైపు ఊడింది. అలా ఆగితే గార్డు చెయ్యాల్సిన పని ఒకటుంది. వెనక నుంచి ఏ బండీ వచ్చి గుద్దకుండా, పట్టాల వెంట వెనక్కి నడిచి డిటోనేటర్లు పెట్టాలి. బిళ్ళల్లా ఉంటాయి, చక్రం ఎక్కితే పేలతాయి. ఆ పేలుడు వింటే డ్రైవరు బండి ఆపుతాడు. 600 మీటర్ల దగ్గర ఒకటి, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంలో మూడు. అంటే కిలోమీటరు పైచిలుకు, చేతిలో దీపంతో, అడవిలో, ఒక్కణ్ణే.

వ్యాను మెట్టు మీద నుంచి కాలు దించడానికి ఎంతసేపు పట్టిందో ఆ చీకటికే తెలుసు. అమావాస్య దగ్గర. దీపం వెలుగు నాలుగు స్లీపర్ల మేర పడుతోంది. ఎండుటాకుల మీద ఏదో కదిలితే గుండె కూడా దాంతో పాటే కదిలింది. ఏ దేవుణ్ణీ తలుచుకోలేదు. ఏ దండకమూ గుర్తుకు రాలేదు. దూరం కొలవడానికి స్లీపర్లు లెక్కపెట్టాలి కాబట్టి లెక్కపెట్టాను. కిలోమీటరుకు పదిహేను వందల పైనే ఉంటాయి. నాలుగు వందల దగ్గర ఏదో అరిచింది, లెక్క తప్పింది. మళ్ళీ మూడు వందల తొంభై నుంచి అందుకున్నాను. మొదటి డిటోనేటరు పట్టాకు కట్టేటప్పుడు చూసుకుంటే చేతులు వణకడం లేదు. కాళ్ళు మాత్రం వణుకుతూనే ఉన్నాయి.

"పులి వచ్చిందా?"

"రాలేదురా."

వాడి మొహంలో ఎంత నిరాశో! "మరి వెనక్కెలా వచ్చావ్?" అన్నాడు కాసేపాగి.

"ఇంజను కూత వేసింది, వచ్చెయ్యమని. చివరి మూడూ అక్కడే వదిలేసి, మధ్యలోది ఒక్కటి విప్పుకుని తెచ్చుకున్నా. ఆ కూత వినగానే ఎంత హాయిగా ఉందో తెలుసా? అడవిలో ఇంకో మనిషి ఉన్నాడని చెప్పేది అదొక్కటే."

వాడు గుప్పిట విప్పి లోపలున్నదాన్ని ఇంకోసారి చూసుకున్నాడు. ఏమనుకున్నాడో తెలియదు. పిల్లలకు మన కథలు ఎక్కడ తగులుతాయో మనం చూడలేం, చూడబోతే అక్కడ తగలనే తగలవు.

వాసన వచ్చింది ముందు. వెన్న, కాలిన పంచదార, గోధుమపిండి కలిసిన వాసన. మూత తీస్తే ఆరూ ఆరుగానే ఉన్నాయి, ఎవరి జాగాలో వాళ్ళు. కుక్కర్లో పైనుంచి వేడి తగలదు కాబట్టి నెత్తి తెల్లగా, అడుగు నల్లగా వచ్చాయి. మెత్తగా ఉన్నాయని పిల్ల కంగారుపడితే, చల్లారితే గట్టిపడతాయని వాళ్ళమ్మమ్మ ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడి కాపలా కాసింది. ఆ చల్లారే పది నిమిషాలు ముందటి ఇరవై నిమిషాలకంటే పెద్దవి. మూడు వాయిలకు పద్దెనిమిదయ్యాయి. అడుగు గీకేస్తే బాగానే ఉన్నాయి. నా వంతుకు ఒకటన్నర వచ్చింది. ఆ సగం ఎలా వచ్చిందో మా ఆవిడకు చెప్పలేదు.

కరెంటు లేక ఫ్లాట్లవాళ్ళంతా తలుపులు తీసి వరండాల్లో కూర్చున్నారు. "కింద పంతులుగారింట్లో ఇచ్చి రా" అని ప్లేటు మనవరాలి చేతికిచ్చింది ఈవిడ. అది నా వంక చూసింది. నేను జల్లెడ కడగడంలో మునిగిపోయాను. మెట్ల దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కొచ్చింది, మంచినీళ్ళ కోసమని ఒకసారి, చెప్పుల కోసమని ఒకసారి. మూడోసారి దిగిపోయింది. పైనుంచి వింటుంటే ఒక్క ఊపిరిలో, "నమస్తే అండి మేం పైన రెండువందల మూడు ఇవి నేనే చేశానండి అడుగు కొంచెం మాడింది" అని గొంతు వినిపించింది. తిరిగొచ్చేటప్పుడు ప్లేటులో డజను తాటిముంజెలు. ఇచ్చిన గిన్నె ఖాళీగా పంపే ఇల్లు ఇంకా మా మెట్ల మీద లేదు. పంతులుగారు ఏమన్నారే అంటే, "అడుగే బాగుందన్నారు" అంది, నమ్మలేనట్టు.

మర్నాడు తెల్లవారుజామున వంటింట్లో సొరుగులు లాగుతున్న చప్పుడు. రోజువాడే కుక్కరు బరువు పాడైతే ఆ పాతదాని బరువే దీనికి పెడదామనుకుంది మా ఆవిడ. ఇప్పుడది కనబడటం లేదు. పప్పు కడిగి, నీళ్ళు పోసి, మూత బిగించి, ఇల్లంతా వెతుకుతోంది. ఉప్పు డబ్బాలో చూసింది, సింకు జాలీలో చూసింది, నన్ను లేపి నా జేబులూ చూసింది.

వాడు కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. గుప్పిట బిగించే ఉంది. రాత్రంతా అలాగే పడుకున్నాడో ఏమో, అరచేతిలో గుండ్రంగా ముద్ర పడింది.

"ఇస్తావా?" అంది.

కాసేపు ఆలోచించాడు. "ఎన్ని?" అన్నాడు.

"మూడు. మూడే."

ఆమె చేతిలో పెట్టి గుమ్మం దాకా వెనక్కి నడిచాడు. తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాడు. కుక్కరు గుసగుసలాడింది, బుసకొట్టింది, మొదటి కూత వేసింది. వాడు చెవులు మూసుకున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. "ఒకటి" అన్నాడు, పెదాలతోనే. రెండో కూతకు ఇక ఆగలేకపోయాడు, బాల్కనీలోకి పరుగో పరుగు. స్టాండు వెనక తువ్వాళ్ళు కదిలాయి. మా ఆవిడ నా వంక చూసి పోనీలెండి అన్నట్టు తలాడించింది.

మూడోది కూసింది. బాల్కనీలోంచి గొంతు చించుకుని అరిచాడు.

"మూడు! ఆపెయ్ అమ్మమ్మా, మూడయ్యాయి!"